చీమలదారి

ముప్పై ఒక్క ఏళ్ళుగా అచ్చు కొడుతున్న చెయ్యి దగ్గర్నుంచి ఓనరుకు కావలసింది జానెడున్నర కాగితమే. నోటితో చెప్పి ఊరుకోలేదు, స్కేలు పెట్టి మరీ చూపించాడు.

"ఇదిగో, ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా. ఒక తీగ, ఒక పువ్వు, రెండు మొగ్గలు, ఆ పిట్ట. ఒక్కటంటే ఒక్కటి, శుభ్రంగా కొట్టి ఇవ్వు. మిగతాదంతా మెషీను చూసుకుంటుంది."

అద్దకం షెడ్డులో ఆమెను అందరూ అతుకులమ్మ అంటారు. ఆమె అద్దిన గుడ్డలో ఒక అచ్చు ఎక్కడ ముగిసిందో, పక్క అచ్చు ఎక్కడ మొదలైందో ఎంత వెతికినా దొరకదు. అతుకు కనపడనివ్వదు కాబట్టి అతుకులమ్మ. జనం పేర్లు పెట్టే తీరు అలాగే ఉంటుంది మరి.

ఆర్డరు పెద్దదే. ఊరవతల ఒక పాత బంగళాలో పెద్ద హాలు బాగుచేస్తున్నారు. నూరేళ్ళ కిందట ఆ గోడలకు కప్పిన పూల గుడ్డ చివికిపోయి తువ్వాలంత ముక్క మిగిలింది. దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి పంపారు, అచ్చం ఇలాంటిదే నాలుగు గోడలకూ కావాలని. అప్పట్లో అద్దింది కూడా ఈ షెడ్డేనట. ఆ చెక్క అచ్చులు అటక మీద దుమ్ము కొట్టుకుపోయి దొరికాయి. చేత్తో అద్దితే నాలుగు నెలలు పడుతుంది. ఒక ముక్కను కంప్యూటర్లోకి ఎక్కించి, స్క్రీన్లు చేయించి కొడితే వారం.

ఇంకో సంగతి కూడా ఓనరు బల్లల మధ్య నిలబడే చెప్పాడు. నెలాఖరుకు పదకొండు బల్లలూ తీసేస్తున్నారు. ఆడవాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోవచ్చు. ఒక్కరికి మాత్రం చోటుంది. మెషీన్లోంచి వచ్చే గుడ్డ మీద కన్నేసి తప్పులు పట్టే పని. దానికి కుర్చీ కూడా వేస్తారు.

"కుర్చీనా!" అంది నీలిచేతులావిడ. నీలంరంగు పళ్ళెం దగ్గర పనిచేసి చేసి మోచేతుల దాకా నీలమైపోయిన మనిషి. "మనలో పని చేస్తూ కూర్చున్నది ఎవరే? అతుకులమ్మకే రాసిపెట్టుంది. కూర్చోవే తల్లీ, మా అందరి తరఫునా కూర్చో."

అందరూ ఏడవలేక నవ్వారు. అతుకులమ్మ నవ్వలేదు గానీ తన పాదాలకేసి చూసుకుంది. మధ్యాహ్నానికల్లా అవి వాచిపోయి చెప్పుల పట్టీలు కోసుకుపోతాయి. ఆ కుర్చీ తనదేనని ఆమెకు సందేహం లేదు. ఎవరికీ లేదు.

కాగితం బల్ల మీద పరిచి నాలుగు మూలలా అదిమింది. రంగుపళ్ళెంలో తడి కంబళి ముక్క మీద అచ్చును రెండుసార్లు ఒత్తింది. ఎత్తి, ఊపిరి బిగబట్టి, కాగితం మీద దింపి, అరచేతి మొదలుతో ఒకటే దెబ్బ. ముందు నల్లగీత, అది ఆరాక ఎరుపు, ఆ తర్వాత నీలం. అచ్చు మూలనున్న చుక్క కాగితం మీది చుక్క మీదే కూర్చోవాలి. వెంట్రుకవాసి జరిగినా పిట్ట కన్ను పిట్ట బయట పడుతుంది. పడలేదు.

చివర్న అలవాటుగా నడుముకు కట్టుకున్న సంచీలోంచి బొటనవేలంత అచ్చు తీసింది. చిట్టి ఆకు. ఈ డిజైనులో తీగ వంపు తిరిగే చోట కాస్త ఖాళీ మిగులుతుంది. ఒక్క ముక్కలో చూస్తే అదసలు ఖాళీయే కాదు. కానీ పక్కపక్కనా, కిందా మీదా వందసార్లు అద్దుకుంటూ పోతే ఆ ఖాళీలన్నీ ఒకదాని వెనక ఒకటి చేరి గుడ్డ మీద ఏటవాలుగా తెల్ల చార తేలుతుంది. బల్ల దగ్గర నిలబడితే కనపడదు. పది అడుగులు వెనక్కి వేస్తే పువ్వులూ పిట్టలూ పోయి ఆ చార ఒక్కటే కనబడుతుంది. బల్లల వాళ్ళు దాన్ని చీమలదారి అంటారు. అది పడకుండా ఇక్కడో ఆకు, అక్కడో ఆకు, కంటికి తోచిన చోట వేసుకుంటూ పోతారు. దానికొక లెక్కంటూ ఉండదు. లెక్క పెట్టి వేస్తే అదే ఇంకో దారి అవుతుంది. ఈ సంగతి ఏ అచ్చు మీదా చెక్కి లేదు, ఏ పుస్తకంలోనూ రాసి లేదు.

"అదేంటి, అది వద్దు," అన్నాడు ఓనరు. "ఆ పాత ముక్కలో కూడా ఉన్నాయి అలాంటివి, ఎక్కడపడితే అక్కడ. ఆ రోజుల్లో వాళ్ళ నిర్లక్ష్యం అది. మనకి నీటుగా కావాలి."

"అది లేకపోతే అండీ, ఎక్కువ వేసినప్పుడు..."

"ఒక్కటి అడిగానమ్మా. ఒక్కటి ఇయ్యి."

కాగితాన్ని గాలికి ఆరబెట్టుకుంటూ పట్టుకెళ్ళిపోయాడు. సరేలే, ఇంటికెళ్ళాక పిల్లకి చెబితే పోతుంది అనుకుంది అతుకులమ్మ. ఆ కాగితాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి వరసలు పేర్చేది ఆ పిల్లే కదా.

*

ఆ పిల్ల ఆమె ఆడపడుచు. పైఅంతస్తు గాజుగదిలో కంప్యూటరు ముందు పని. భర్త చనిపోయిన ఏడాది "అత్తింటి పిల్ల బరువు నీకెందుకే" అన్నవాళ్ళతో "మోసేది నా నడుము, మీది కాదుగా" అని పెంచుకుంది అతుకులమ్మ. రంగు ఒకసారి గోళ్ళలోకి దిగితే పోదని అద్దకం బల్ల దరిదాపులకు కూడా రానివ్వలేదు. అందుకే ఆ పిల్లకు గీయడం వచ్చు, అద్దడం రాదు.

ఆ సాయంత్రం పిల్ల ఆలస్యంగా వచ్చి తినీ తినకుండానే నిద్రపోయింది. మర్నాడు పొద్దున షెడ్డు వెనక కుళాయి దగ్గర అచ్చులు కడుగుతుంటే మేస్త్రీ పళ్ళు తోముకుంటూ వచ్చాడు. చెడ్డవాడేం కాదు. నోట్లో మాట నిలవదు, అంతే.

"మొత్తానికి కుర్చీ మీ ఇంటికే వచ్చింది," అన్నాడు.

"ఇంకా ఎవరూ చెప్పలేదుగా."

"నీకు కాదు, నీ ఆడపడుచుకి. కంప్యూటరు పనీ, గుడ్డ చూసే పనీ రెండూ తనే చేస్తుంది, ఇద్దరెందుకని ఓనరు లెక్క. వారం కిందటే పిలిచి చెప్పేశాడు. ఏం, ఆ పిల్ల నీకు చెప్పలేదా?"

అతుకులమ్మ అచ్చు సందుల్లో బ్రష్షు ఆడిస్తూనే ఉంది.

"ఎందుకు చెప్పలేదూ. చెప్పింది," అంది.

మేస్త్రీ వెళ్ళాక కూడా అదే అచ్చును తోమింది. పిట్ట రెక్క సందులో రంగు ఎప్పుడో పోయింది. అయినా తోమింది. వారం! వారం రోజులుగా ఎదురుగా కూర్చుని అన్నం తింటోంది, తల దువ్వించుకుంటోంది, "కాళ్ళు పట్టనా వదినా" అంటోంది. బ్రష్షును ఇంకా కసిగా అదిమింది. ఉద్యోగం పోయినందుకు కాదు, ఆ పిల్ల నోరు మెదపనందుకు. ఉద్యోగం పోయినందుకు కూడా. రెండిటినీ విడదీయడం ఆమె వల్ల కాలేదు.

సాయంత్రం పిల్ల చెప్పుల పెట్టె చంకన పెట్టుకుని వచ్చింది. మెత్తటి అట్ట, వెడల్పు పట్టీలు.

"వేసుకో వదినా. కాళ్ళు వాచినా కోసుకోవట. షాపువాడు తెగ చెప్పాడు."

"ఇప్పుడెందుకే ఇవి?"

"ఎందుకేంటి, నీకు వద్దా?"

అతుకులమ్మ వేసుకుంది. హాయిగా ఉన్నాయి. నిలబడే పని పీకేయించి నిలబడ్డానికి చెప్పులు కొనిచ్చింది చూడు, అనుకుంది. పైకి మాత్రం అన్నం వడ్డిస్తూ, "ఏంటి విశేషాలు పైఅంతస్తులో?" అని అడిగింది. అడిగి ఆగింది. గరిటె చేతిలోనే పట్టుకుని ఆగింది. చెబితే ఇప్పుడు చెప్పాలి. పిల్ల చెబితే తను తిడుతుంది, ఏడుస్తుంది, ఆ తర్వాత చిట్టి ఆకు సంగతి చెబుతుంది. అంతా ఆమె మనసులో సిద్ధంగానే ఉంది.

పిల్ల ఆమె ముఖంలోకి చూసింది. పెదవి తడుపుకుంది. కంచంలోకి చూసింది.

"ఏముంటాయి వదినా, మామూలే," అంది.

అతుకులమ్మ గరిటె గిన్నెలో పడేసింది.

కాసేపటికి పిల్లే మళ్ళీ మొదలుపెట్టింది. "అన్నట్టు, ఆ పాత ముక్కలో అక్కడక్కడా చిన్న చిన్న ఆకులున్నాయి చూశావా? వరసలో ఇమడట్లేదు. ఓనరు తీసెయ్యమన్నాడు. అవెందుకు వేస్తారు వదినా?"

"ఊరికే," అంది అతుకులమ్మ. "అలవాటు."

*

నాలుగో రోజుకు స్క్రీన్లు వచ్చాయి. ఐదో రోజు పొద్దున మొదటి గుడ్డ, ఆరు మీటర్లు, పొడుగుబల్ల మీద కొట్టి వెనక పెరట్లో తాడు మీద ఆరేశారు. పిల్ల పరిగెత్తుకుంటూ కిందికొచ్చి అతుకులమ్మను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. చిన్నప్పుడు స్కూల్లో వేసిన బొమ్మ చూపించడానికి కూడా ఇలాగే లాక్కెళ్ళేది.

"చూడు వదినా. అతుకు కలిసిందా?"

అతుకులమ్మ వంగి చూసింది. గోరుతో తీగ వెంట నడిచింది. పువ్వులోంచి పువ్వు, రెక్కలోంచి రెక్క. తను కొట్టిన ఒక్క అచ్చు, తన ఒక్క దెబ్బ. పిట్ట తోక దగ్గర తన చెయ్యి కొద్దిగా ఎక్కువ నొక్కిన గుర్తుతో సహా. అదే దెబ్బ మళ్ళీ మళ్ళీ, వందసార్లు. ఆమె అలసిపోకుండానే, ఆమె లేకుండానే.

"కలిసింది," అంది. అబద్ధమేం కాదు. అతుకు బ్రహ్మాండంగా కలిసింది.

"అది కాదు వదినా," అని పిల్ల గొంతు తగ్గించింది. "ఇందాక గేటు దగ్గర్నుంచి వస్తూ చూస్తే ఏదో చారలా అనిపించింది. ఏటవాలుగా. దగ్గరికొస్తే లేదు. మేస్త్రీనడిగితే నీడ అన్నాడు. నువ్వొకసారి చూడవూ?"

గేటు దాకా ఇద్దరూ నడిచారు. కొత్త చెప్పులు చప్పుడు చెయ్యట్లేదు. అతుకులమ్మ వెనక్కి తిరిగింది. ఎండలో గుడ్డ నిగనిగలాడుతోంది. దాని మీద ఈ మూల నుంచి ఆ మూలకు చీమలదారి, ఒకటి కాదు మూడు, పగిలిన గోడకు సున్నం పూసినట్టు తెల్లగా.

చెప్పడానికి ఒక్క నిమిషం పట్టదు. సంచీలో చిట్టి ఆకు నడుముకు తగులుతూనే ఉంది. పిల్ల ఆమె ముఖంలోకే చూస్తోంది, గుడ్డ వైపు కాదు. ఇప్పుడైనా అడగొచ్చు కదా, కుర్చీ నాకిచ్చారు వదినా, ఏం చెయ్యను అని. అడగదు. కన్ను మాత్రం అరువు కావాలి.

"నాకేం కనపడట్లేదే," అంది అతుకులమ్మ.

"నిజంగా?"

"పొద్దస్తమానం ఆ తెరలోకి చూసి చూసి నీ కళ్ళే అలిసిపోయాయి."

పిల్ల ఊపిరి వదిలి నవ్వింది. "హమ్మయ్య. నీకు కనపడలేదంటే లేనట్టే."

ఇంకేముంది, ఆ మధ్యాహ్నమే మెషీను గుడ్డ కక్కడం మొదలుపెట్టింది. వచ్చింది వచ్చినట్టు చుట్టలు చుట్టేశారు. చుట్ట చుట్టిన గుడ్డ మీద ఏ దారీ కనపడదు.

*

ఎనిమిదో రోజు బంగళా హాల్లో గుడ్డ ఎక్కించారు. ఓనరు అతుకులమ్మను కూడా వ్యానులో తీసుకెళ్ళాడు, అంచులు సరిచూడ్డానికి. పనివాళ్ళు నిచ్చెనలెక్కి చట్రాలకు గుడ్డ బిగిస్తున్నంతసేపూ ఎవరూ ఏమీ అనలేదు. ముఖం గోడకు ఆనించి పనిచేసేవాళ్ళకి ఏం తెలుస్తుంది? పిల్ల కింద నిలబడి చివరలు అందిస్తోంది. అతుకులమ్మ గోడ పక్కనే వంగి తిరిగింది. ఒక్కసారి కూడా హాలు నడిమధ్యకు రాలేదు.

బంగళా తాలూకు పెద్దావిడ కర్ర పొడుచుకుంటూ వచ్చి గుమ్మంలోనే ఆగింది. ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"ఏమిటా గీతలు?"

ఓనరు ఆమె పక్కకు వెళ్ళి చూశాడు. నిచ్చెన మీది మనిషి కూడా తల తిప్పి చూసి "అమ్మబాబోయ్" అన్నాడు. నాలుగు గోడల మీదా, నేల నుంచి కప్పు దాకా, హాలును కొరడాతో కొట్టినట్టు తెల్ల చారలు.

"మా తాతగారి హయాంలో ఇవి లేవు," అంది పెద్దావిడ. "విప్పించండి." కర్ర తిప్పుకుని వెళ్ళిపోయింది.

ఓనరు పిల్ల వైపు తిరిగాడు. పనివాళ్ళందరూ ఉన్నారని కూడా చూడలేదు.

"ఎవరు చూశారు దీన్ని?"

"నేనేనండి."

"ఏం చూశావు? మొహం! కుర్చీ వేసి కూర్చోబెడదామనుకున్నాను నిన్ను. కళ్ళు నెత్తికెక్కాయా, అసలు ఉన్నాయా? మీ వదినకి చూపించలేదా?"

అతుకులమ్మ గోడ దగ్గర్నుంచి నిటారుగా లేచింది. పిల్ల ఆమె వైపు ఒక్క క్షణం చూసింది. ఆ చూపులో నిందేమీ లేదు. గాభరా ఉంది.

"లేదండి," అంది పిల్ల. "వదినకి చూపించలేదు."

"చూపించుంటే ఇట్టే పట్టేసేది! ముప్పై ఏళ్ళ కన్ను! పక్కనే ఉన్న మనిషిని అడగడానికి నామోషీ నీకు. రేపట్నుంచి రానక్కర్లేదు. నీ సామాను మీ వదిన తెచ్చి ఇస్తుంది."

పిల్ల తలూపింది. చేతిలో ఉన్న గుడ్డ చివరను మడత పెట్టి నేల మీద పెట్టింది. అతుకులమ్మ నోరు తెరవలేదు. తెరుద్దామనుకుంది. నాలుక మీద ఆ మాట ఉంది. అలా ఉండగానే పిల్ల గుమ్మం దాటేసింది.

"దీనికేమైనా చెయ్యగలమా?" అన్నాడు ఓనరు నీరసంగా.

అతుకులమ్మ సంచీలోంచి బొటనవేలంత అచ్చు తీసి చూపించింది. చీమలదారి అంటే ఏమిటో, ఆకు ఎక్కడ వెయ్యాలో రెండు ముక్కల్లో చెప్పింది.

"అంటే గుడ్డ పోలేదా?"

"పోలేదండి. నాలుగు రోజులు ఆకులు వేసుకుంటూ పోతే సర్దుకుంటుంది."

ఓనరు ముఖంలోకి రక్తం వచ్చింది. "మరి చెప్పవేంటమ్మా! బతికించావు. ఇకమీదట ఏ డిజైనైనా నువ్వు చూడందే బయటికి పోదు. కుర్చీ నీదే."

"మరి పిల్ల..." అంది అతుకులమ్మ. "గుడ్డ పోలేదు కదండీ."

"కుర్చీ ఒకటే ఉంది. నీకా, తనకా? నువ్వే చెప్పు."

నిచ్చెన మీది మనిషి మేకులు పీకుతున్నాడు. ఒకటి, రెండు, మూడు మేకులు కింద డబ్బాలో పడిన చప్పుడు వినిపించింది. ఓనరు నాలుగోదాని దాకా ఆగలేదు.

"అదీ. రేపొకసారి కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళి కాగితం తెచ్చుకో. వయసు మీద పడింది కదా, నాకు ఇంకో దెబ్బ తగిలితే తట్టుకోలేను."

*

ఇంటికొచ్చేసరికి పిల్ల గుమ్మంలోనే కూర్చుని ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి. అతుకులమ్మ చెప్పులు విడవకుండా నిలబడిపోయింది. ఇక తప్పదు, అడుగుతుంది అనుకుంది.

"ఎప్పట్నుంచి వదినా?" అంది పిల్ల.

"ఏంటి?"

"కళ్ళు. ఎప్పట్నుంచి కనపడట్లేదు నీకు?"

అతుకులమ్మ సంచీ ముడి విప్పబోయి ఆగింది.

"ఆ రోజు గేటు దగ్గర నాకు కనపడింది. నీకు కనపడలేదన్నావు. నా కళ్ళదే తేడా అనుకున్నా. ఇవాళ హాల్లో ఆ చారలు చూశాక అర్థమైంది, తేడా నా కళ్ళది కాదని. అందుకే చూపించలేదని చెప్పా. చూపించానంటే, నీకు కనపడలేదని ఓనరుకి తెలిసిపోదూ? నిన్ను ఇంకెవరు పెట్టుకుంటారు?" పిల్ల ముక్కు తుడుచుకుంది. "కుర్చీ సంగతి కూడా నేను నీకు చెప్పలేదు. వారమంతా చెబుదామనే చూశా. నీ మొహం చూస్తే నోరు రాలేదు. దేవుడు బాగానే వాయించాడు నన్ను."

ఒక్క మాట. ఇప్పుడు ఒక్క మాట చాలు. అతుకులమ్మ గోడకు చేరబడింది. చెప్పేస్తే ఈ పిల్ల ఏం చేస్తుంది? ఏడుస్తుంది, అరుస్తుంది, నాలుగు రోజులు మాట్లాడదు. తర్వాత? తర్వాత ఏమవుతుందో ఆమెకు తెలియలేదు, అదే భయం.

"కాస్త మసగ్గా ఉంటోంది," అంది. "దూరానివి."

పిల్ల లేచి వచ్చి ఆమెను పట్టుకుంది. అతుకులమ్మ ఆ చేతుల్లో కట్టెలా నిలబడింది.

మర్నాడు రోడ్డు మీద పిల్ల ఆమె మోచెయ్యి వదల్లేదు. "గుంట వదినా," "ఆగు, బండొస్తోంది," "మెట్టు" అంటూ నడిపించింది. దారిలో నీలిచేతులావిడ ఎదురై, "ఏంటే, పెళ్ళికూతుర్ని తీసుకెళ్తున్నట్టు తీసుకెళ్తున్నావ్?" అంది. పిల్ల నవ్వేసి ఊరుకుంది. కళ్ళ డాక్టరు మెట్లెక్కేముందు ఆమెను పక్కకు లాగింది.

"విను. నీకు చదువు రాదంటే దువ్వెన గుర్తులున్న అట్ట చూపిస్తారు. మూడు పళ్ళ దువ్వెన. పళ్ళు ఎటు తిరిగున్నాయో చెబితే చాలు. నేను అట్ట పక్కనే నిలబడతా. పైకైతే చున్నీ కొస గడ్డం దగ్గర పట్టుకుంటా. కిందికైతే నడుము దగ్గర. పక్కలకైతే అటు భుజం, ఇటు భుజం. నా చెయ్యే చూడు. కాగితం రావాలి వదినా, లేకపోతే ఇద్దరం రోడ్డున పడతాం."

"సరే," అంది అతుకులమ్మ.

నిజం చెప్పాలంటే, ఆ మాట వినగానే ఆమె ప్రాణం లేచొచ్చింది. ఈ పిల్ల చేతిని చూసి చెబితే సరి. కాగితం వస్తుంది, కుర్చీ వస్తుంది, వదినకి చూపు ఆనదన్న నమ్మకం పిల్లకి అలాగే ఉండిపోతుంది. ఇక జన్మలో ఎవరూ ఏమీ అడగరు. ఎంత తేలిగ్గా తెగిపోయింది వ్యవహారం!

డాక్టరు పొడుగాటి గదిలో ఒక చివర ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టాడు. రెండో చివర గోడకు అట్ట, వెనక లైటు. పిల్ల అట్ట పక్కన ఒదిగి నిలబడింది.

"ఇది?" డాక్టరు కర్రతో చూపించాడు.

అతుకులమ్మ ఆగింది. చున్నీ కొస గడ్డం దగ్గరికి వెళ్ళేదాకా ఆగి, "పైకి" అంది.

"ఇది?"

ఆగింది. "కిందికి."

రెండు వరసలు అలా నడిచాయి. మూడో వరసలో పిల్ల తడబడింది. ఎదురుగా నిలబడింది కదా, తన కుడి, వదిన ఎడమ కలిసిపోయాయి. చున్నీ ఒక భుజం మీదికి వెళ్ళింది. దువ్వెన పళ్ళు రెండో వైపు తిరిగి ఉన్నాయి. అతుకులమ్మ ఆ రెండిటినీ చూసింది. తప్పని తెలిసి తెలిసి తప్పు చెప్పడం ఆ కంటికి ఎన్నడూ అలవాటు లేదు.

"కుడికి," అంది. ఉన్నదే చెప్పింది.

"బాగుంది. ఇది?"

పిల్ల చెయ్యి సగంలో ఉండగానే "ఎడమకి" అంది. ఆ తర్వాతది, ఆ తర్వాతది. గుర్తులు చిన్నవవుతున్నకొద్దీ ఆమెకు గదీ డాక్టరూ పిల్లా ఎవరూ కనిపించలేదు. తెల్లటి అట్ట మీద ఒకటే అచ్చు, నాలుగు రకాలుగా తిప్పి అద్దినది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె చూస్తున్నది ఇదే. కళ్ళు వాటంతట అవే వరస వెంట నడిచిపోయాయి. నోరు వాటి వెనక పరిగెత్తింది.

డాక్టరు కర్ర ఆఖరి వరస మీద పెట్టాడు. "ఇది కష్టం. చాలామందికి..."

"ఇది కొత్తదేం కాదు కదండీ," అంది అతుకులమ్మ. "ఆ మూడో వరసనే తలకిందులు చేసి వేశారు. ఒక్క నాలుగోది మార్చారు. అది కిందికుండాల్సింది, పక్కకుంది."

డాక్టరు వంగి అట్టను చూశాడు. మళ్ళీ చూశాడు. పెద్దగా నవ్వాడు.

"ఇరవయ్యేళ్ళుగా ఈ అట్ట ఇక్కడ వేలాడుతోంది, నేనే గమనించలేదు! అమ్మా, దూరపు చూపు మీకు కుర్రపిల్లల కన్నా బాగుంది. ఈ కళ్ళని ఎవరు అనుమానించి పంపారు?"

చున్నీ కొస పిల్ల చేతిలోంచి జారి కిందికి వేలాడుతోంది. ఏ భుజం దగ్గరా లేదు.

అతుకులమ్మ అప్పుడు చూసింది.

డాక్టరు కాగితం రాసి ముద్ర కొట్టి ఇచ్చాడు. మెట్లు దిగేటప్పుడు ఎవరూ "మెట్టు" అనలేదు. బయట అతుకులమ్మ కాగితం చేత్తో పట్టుకుని నిలబడింది.

"ఏం రాశాడే?"

పిల్ల తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. "దూరపు చూపులో ఏ లోపమూ లేదు. గుడ్డల పరీక్ష ఉద్యోగానికి తగును." మడతలు సరిగ్గా పెట్టి తిరిగి ఇచ్చింది. ఆమె ముఖంలోకి చూసింది. గేటు దగ్గర ఆ రోజు చూసినట్టే, అంతసేపూ చూసింది. తిడుతుందేమోనని అతుకులమ్మ ఎదురుచూసింది. తిడితే బాగుండుననిపించింది.

పిల్ల రోడ్డు వైపు తిరిగింది.

రోడ్డు నిండా బళ్ళు. అంచున నిలబడి అతుకులమ్మ అలవాటుగా మోచెయ్యి కాస్త ఎడం చేసింది. ఒక్కరోజు అలవాటు. చెయ్యి రాలేదు. పిల్ల అటూ ఇటూ చూసుకుని ఒక్కతే దాటేసింది. అవతల ఆగి వెనక్కి తిరిగింది.

"రా," అంది అక్కణ్ణుంచి. "అన్నీ కనబడుతున్నాయిగా."

కనబడుతూనే ఉన్నాయి. ఏ బండి ఎంత దూరంలో ఉందో, ఏది ఆగుతుందో, ఏది ఆగదో, అవతలి పక్కన ఆ పిల్ల ముఖం ఎలా ఉందో, అతుకులమ్మకు అన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి.